ఐదేళ్లకోసారి పిలిచే పేరు

తెలంగాణ వచ్చిన నెలలోనే ఆయన చనిపోయాడు. సంబరాల్లో చల్లిన రంగు మా మిర్చి బండి రేకుల మీద అప్పటికింకా పోలేదు. పొద్దున్నే నేను శనగలు నానబోస్తుంటే ఎవరో సైకిలాపి, "మీ బండికాడికొచ్చే కాక పోయిండట" అని చెప్పి తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. చేతిలో చేట అట్లాగే ఉండిపోయింది. అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. ఆ సిగ్గు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయనకు రెండు పేర్లున్నాయి. రెండూ నాకు తెలుసు, రెండూ రాయను. నేను కాక అని పిలిచేదాన్ని, ఇక్కడా అట్లాగే అంటాను.

గోదావరిఖనిలో కల్లు కంపౌండు గేటు పక్కన మా బండి. నాన్న పోయాక అమ్మ పెట్టింది. మిర్చి బజ్జీలు, ఉడికించి తాలింపు పెట్టిన శనగ గుడాలు, బొబ్బెర గుడాలు. నేను పదో తరగతి దాకా బడికి పోతూ, ఆ తర్వాత పోకుండా, అక్కడే ఉల్లిగడ్డలు కోస్తూ పెరిగాను. మొదటి షిఫ్టు దిగిన బొగ్గుబాయి పనివాళ్లు స్నానాలు చేసి, తడి తలకు కొబ్బరినూనె రాసుకొని వచ్చేవాళ్లు. ఎంత తోముకున్నా కనురెప్పల అంచున బొగ్గు మిగిలేది. కాటుక పెట్టుకున్నట్టుండేది. కాకకు ఆ కాటుక బాగా నప్పేది. అది అంటే సిగ్గుపడి తువ్వాలతో తుడుచుకునేవాడు, ఇంకా పాకేది.

మా బండి పక్కన బెంచీ, దాని మీద టార్పాలిన్ నీడ. కాక వచ్చీరాగానే కూర్చునేవాడు కాదు. తలెత్తి టార్పాలిన్ వైపు చూసి, వెదురు గుంజను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి విని, అప్పుడు కూర్చునేవాడు. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు విననిదే కిందికి పోరట. మోత గట్టిగా వస్తే బండ పట్టున్నట్టు, డొల్లగా వస్తే ఊడేటట్టు.

"కాకా, గది బట్ట. మీద వడితె ఏమైతది?" అని నేను నవ్వేదాన్ని.

"ఏం కాదు బిడ్డా. గని నేను బతికున్నదే గా చప్పుడు ఇని. ఇప్పుడు మానుమంటె చెవులు మానయ్" అనేవాడు.

నాకు రేడియో అని పేరు పెట్టింది ఆయనే. "రేడియో, ఇయ్యాల వార్తలేంది?" అంటే చాలు, వాడకట్టులో ఎవరి మేక తప్పిపోయింది, ఏ క్వార్టరులో అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం లేదు, అన్నీ చెప్పేసేదాన్ని. ఆయన నవ్వకుండా వినేవాడు. "మరి మేక ఏమంటది?" అని అడిగేవాడు. నా మాటల్ని అంత శ్రద్ధగా విన్న మనిషి మా ఇంట్లో కూడా లేడు.

ఆయన తాగేది తాటికల్లు. అదొక్కటే. గీసే ఆయన పొద్దూకే ముందు కల్లు దించి మందు కలపకుండా ఆయన కోసం ఒక చిన్న కుండ, లొట్టి అంటాం, పక్కన పెట్టేవాడు. తాటాకు దొరికితే దాన్ని దొన్నెలా మడిచిన రేకలో, లేకపోతే తన స్టీలు గ్లాసులో తాగేవాడు. మొదటి గుక్క నోట్లోనే ఉంచుకొని కళ్లు మూసుకునేవాడు. "గిది మొన్నటి చెట్టు కాదు" అనేవాడు. గీసే ఆయన "కాదు కాకా, వాగొడ్డుది" అని ఒప్పుకునేవాడు.

ఆయన పక్కన ఎప్పుడూ ఆయన దోస్తు ఉండేవాడు. ఇద్దరిదీ ఒక్క ఊరు, ఒక్క బాయి. ఆ దోస్తును నేను మామ అనేదాన్ని. మామకు ఫలానాదే కావాలని ఉండేది కాదు. కల్లుంటే కల్లు, కోటర్ సీసా ఉంటే కోటర్, ఎండాకాలం బీరు.

"బీరంటె ఏందిర? గుర్రం ఉచ్చ సల్లగ జేసి సీసల పోసుడు" అనేవాడు కాక.

"నీ కల్లుల ఈగలు, నా బీరుల బుడగలు. ఏది నయ్యం?"

"ఈగకు తెలివున్నదిరా. మంచిదాని మీదనే వాల్తది. నీ బీరు మీద ఒక్కటన్న వాలిందా?"

మామ గ్లాసులోకి తొంగిచూసేవాడు నిజంగానే ఈగ కోసం. కంపౌండంతా నవ్వేది.

దేశం సంగతి కూడా కాక ఈ సీసాల్లోనే చూసేవాడు. "ఊరి జేబు తెల్వాలంటె బ్యాంకుకు పోవద్దు, గీడ కూసోవాలె" అనేవాడు. ముందుగానే ఉద్యోగం వదిలేసుకున్నవాళ్లకు కంపెనీ ఒక్కసారే పెద్ద మొత్తం ఇచ్చిన రోజులు నాకు కొద్దిగా గుర్తు. కంపౌండు ఖాళీ, బార్లు నిండుగా. "గా ఏడు మనూళ్లె కుక్కలు సుత చికెనే తిన్నయ్. రెండేండ్లు తిరుగకముందే మల్ల మీ అమ్మ గుడాలకాడికి తోకలూపుకుంట వచ్చినయ్. కుక్కలు ముందు వచ్చినయ్, మనుషులు ఎనుక వచ్చిన్రు" అనేవాడు. తర్వాత భూమిని పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టులు వచ్చి, మిషన్లు వచ్చి, పనంతా కాంట్రాక్టు మనుషుల చేతికి పోయాక, వాళ్లు నిలబడి తాగి వెళ్లిపోయేవాళ్లు. కూర్చుని మాట్లాడే తీరిక ఉండేది కాదు. "పర్మినెంటోడు కూసోని తాగుతడు, కాంట్రాక్టోడు నిలవడి తాగుతడు. బెంచీలు ఖాళైనయంటె బాయిలు ఖాళైతున్నట్టే లెక్క" అని ఆ ఖాళీ బెంచీల వైపు చూసేవాడు.

ఇంత ఇష్టంగా తాగే మనిషి ఎలక్షన్లు వచ్చాయంటే చుక్క ముట్టేవాడు కాదు. ఊరంతా తడిసి ముద్దయ్యే రోజుల్లో ఆయనొక్కడు చాయ్ తాగుతూ కూర్చునేవాడు. ఊరికే వచ్చేది సరే, తన సొంత లొట్టి కూడా వద్దనేవాడు. ఓటేసి వచ్చిన సాయంత్రం మాత్రం రెండు లొట్లు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా, ఒక ఎలక్షన్ల సమయంలో అడిగాను, ఎందుకు కాకా అని. బండి దగ్గర ఎవరూ లేరు. మామ కూడా రాలేదు.

"బూతుల ఒక సారు కూసుంటడు సూడు, లిస్టు ముందట వెట్టుకోని. మనం చీటి ఇయ్యంగనె పేరు గట్టిగ సదువుతడు. ఏజెంట్లందరు ఇనాలె గదా. గప్పుడు నా పేరు సదువుతడు బిడ్డా. మా అయ్య పేరు సుత సదువుతడు. ఐదేండ్లకొక్కసారి సర్కారు నన్ను నా పేరుతోని పిలుస్తది. గది తాగి ఇంటనా?"

"మిగిలిన రోజులు పిలువరా?"

"మిగిలిన రోజులు ఇంకొగాయనను పిలుస్తరు."

అప్పుడు చెప్పాడు. పడుచుతనంలో ఆయన పెద్దనాన్న కొడుక్కు బాయిలో పని దొరికిందట. ఆ అన్న మొదటి రోజే బాయి నోరు చూసి, చలిజ్వరం తెచ్చుకొని ఊరికి పారిపోయాడు. ఆ కాగితాలు పట్టుకొని ఆ పేరుతో కాక దిగాడు. ఇట్లా మారుపేర్లతో దిగినవాళ్లు మా దగ్గర చాలామంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అప్పటినుంచి హాజరు పట్టీలో, జీతం కాగితంలో ఆ అన్న పేరే. "బాయిల కష్టవడెటోడు ఆయన, ఇంటికొచ్చి తినెటోడు నేను. మంచి జోడి" అని నవ్వాడు కాక.

నాకు అప్పుడు ఒక సంగతి తట్టింది. బాయి వాళ్లెవరైనా పిలిస్తే కాక ఒక్క క్షణం ఆగి తిరిగేవాడు, పిలుపు ఎవరికో వెళ్లి తన దగ్గరికి వచ్చినట్టు. వాళ్ల ఊరి ముసలివాళ్లెవరైనా వచ్చి చిన్ననాటి పేరుతో పిలిస్తే, పిలుపు పూర్తికాకముందే తిరిగేవాడు.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ నా చెవి పట్టుకుంది. "గా ముచ్చట ఇంకెక్కడన్న అన్నవా, బజ్జీల గంటె తోని వాత పెడ్త. ఒకల బతుకది" అంది. చెప్పను అన్నాను. ఐదేళ్లు చెప్పలేదు కూడా. రేడియో ఒక్క స్టేషను మూసుకొని ఉండగలిగింది.

మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. అప్పటికి నాకు కూడా ఓటు వచ్చింది, మొదటిసారి. అంగన్‌వాడీ టీచరమ్మ ఓటరు చీటీలు ఇంటింటికీ పంచే పని నాకు అప్పజెప్పింది. మెడలో బ్యాడ్జీ లాంటిది ఏమీ లేకపోయినా ఉన్నట్టే నడిచేదాన్ని.

బాయి మీద ఒక యూనియన్ లీడరుండేవాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ఆ సాయంత్రం అట్టపెట్టె నిండా కోటర్ సీసాలు తెచ్చి కంపౌండులో తలా ఒకటి పంచుతూ కాక దగ్గరికి వచ్చాడు. కాక చాయ్ గ్లాసు పట్టుకొని ఉన్నాడు. మామ అప్పటికే సీసా అందుకొని మూత కొరుకుతున్నాడు.

"ఏం కాకా, మా సీసల విషమున్నదా?"

"విషం కాదు బిడ్డా. నీ మొకం ఉన్నది. తాగినంతసేపు గదే కనవడ్తది."

మామ మింగుతున్నది ముక్కులోంచి వచ్చింది. కంపౌండు గొల్లుమంది. లీడరు కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

"మేం రాకపోతె మీ బాయి ఎప్పుడో మూతవడు."

"పోయినసారి సుత గిట్లనే అన్నవ్. ఇంతల రెండు బాయిలు మూసిరి. నువ్వు మల్ల రావద్దనే అంటున్న, ఉన్న ఒక్కటన్న మిగులుతది."

"ముసలోనివైతున్నవ్ కాకా. నోరు జాగ్రత్త."

"నోట్ల చాయే ఉన్నది బిడ్డా. తూలదు."

లీడరు వెళ్లిపోయాడు. ఆ రాత్రంతా మామ ఆ మాటను పదిమందికి పది రకాలుగా చెప్పి నవ్వించాడట.

మర్నాడు మధ్యాహ్నం బండి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. కాక, మామ ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు. అమ్మ శనగపిండికి పోయింది. మిగిలిన చీటీలు వీధుల వారీగా సర్దుకుంటుంటే లీడరు వచ్చి మోటార్‌సైకిల్ ఆపాడు. నిన్నటి కోపం ముఖంలో లేదు. పక్క దుకాణం నుంచి చల్లటి కూల్‌డ్రింకు సీసా తెప్పించి నా చేతికిచ్చాడు.

"తాగు చెల్లె. ఎండల తిరుగుతున్నవ్. నీ అసొంటి సదువుకున్న పిల్లలు మాకు కావాలె. గిన్ని పేర్లు ఎట్ల గుర్తువెట్టుకుంటున్నవ్?"

నన్ను చదువుకున్న పిల్ల అన్నవాళ్లు అంతకుముందు లేరు. నేను పొంగిపోయాను. సీసా సగం ఒక్క గుక్కలో తాగేశాను. చీటీ చూడకుండా ఇంటి నంబరు చెప్తే పేరు చెప్తానన్నాను. లీడరు ఒక్కో నంబరు అడుగుతూ పోయాడు, నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్తూ పోయాను. మధ్యలో కాక క్వార్టరు నంబరు కూడా అడిగాడు. పేరు చెప్పాను. తండ్రి పేరు కూడా చెప్పాను.

"తప్పు చెల్లె. గా క్వార్టరుల ఉండేది వేరే ఆయన."

"తప్పేం కాదన్నా!" అన్నాను, తప్పు అన్నందుకు రోషం వచ్చి. "గదే మన కాక. బాయిల పేరు వేరే గని, అసలు పేరు గిదే."

అనేశాక కూడా నాకు ఏమీ తెలియలేదు. లీడరు కాక చీటీ ఒకసారి తీసి చూసి, జాగ్రత్తగా మళ్లీ కట్టలో పెట్టి, "హుషారున్నవ్ చెల్లె" అని బండి స్టార్టు చేశాడు. నేను మిగిలిన కూల్‌డ్రింకు తాగాను. తియ్యగా ఉంది. ఆ తీపి నాలుక మీద ఉండగానే అమ్మ పట్టుకున్న చెవి గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాను. బండి అప్పటికే మలుపు తిరిగింది.

పరుగెత్తి ఉండొచ్చు. కాకకు ముందే చెప్పి ఉండొచ్చు. సాయంత్రం ఆయన వచ్చి, గుంజ కొట్టి, "రేడియో, వార్తలేంది?" అంటే, "ఏం లేవ్ కాకా" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. నా దగ్గర వార్తలు లేకపోవడం అదే మొదటిసారి.

తర్వాతిది కంపౌండుకు వచ్చినవాళ్లు చెప్తే విన్నాను. షిఫ్టు ఎక్కే ముందు దీపాల గది దగ్గర తలదీపాల కోసం అందరూ వరుసలో ఉన్నప్పుడు లీడరు వెనుక నుంచి కాక అసలు పేరు పెట్టి, ఫలానావాడి కొడుకా అని తండ్రి పేరు కూడా కలిపి గట్టిగా పిలిచాడట. కాక తిరిగాడు. పిలుపు పూర్తికాకముందే తిరిగాడు. లీడరు నవ్వి, "ఏం లేదు కాకా, ఊకెనె పిలిచిన. గా పేరుతోని ఓటెయ్యనీకి వచ్చినవనుకో, మావోల్లు ఫొటో దీసి ఆఫీసుకు పంపుతరు" అన్నాడట. వరుసలో నలభై మంది విన్నారు.

ఓటు రోజు నేను బూతు బయట బల్ల దగ్గర చీటీలు పెట్టుకొని కూర్చున్నాను. కాక భార్య వచ్చింది, ఆమెను చిన్నమ్మ అంటాను. కొడుకు వచ్చాడు. కాక రాలేదు. "కాక ఏడీ చిన్నమ్మా?" అంటే, "ఎందుకో మంచం దిగుతలేడు. పానం మంచిగ లేదంటడు" అంది. బూతులోంచి పేర్లు చదువుతున్న గొంతు వినబడుతూనే ఉంది. సాయంత్రం తలుపులు మూసేదాకా నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన చీటీ నా బల్ల మీదే మిగిలిపోయింది.

మరుసటి రోజు కాక కంపౌండుకు వచ్చాడు. లొట్టి అడిగాడు. గుంజ కొట్టలేదు, అట్లాగే కూర్చున్నాడు. కొంచెంసేపటికి మామ వచ్చి ఎప్పటిలాగే పక్కన చతికిలబడి, "ఓటెయ్యలేదటగదర, ఏమైంది?" అన్నాడు. కాక లేచాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్? ఏ పేరుగల్లాయనతోని?"

"ఏందిర గట్లంటవ్?"

"మా అయ్య పేరు బాయి మీద ఎరుకున్నోడు ఒక్కడే. వాడు మొన్న ఆ లీడరు సీస ముందుగాల అందుకున్నడు."

"నా పిల్లల మీద ఒట్టు..."

"పిల్లలను మద్దెలకు తేకు" అని కాక లొట్టి అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నూనెలో బజ్జీలు మాడుతున్నాయి. "మామ కాదు, నేను" అంటే సరిపోయేది. మూడు మాటలు. రోజంతా వాగే నోరు, ఆ మూడు మాటలు అనలేదు. లీడరుకు భయపడి అనుకుంటారేమో, కాదు. బండి పోతుందనీ కాదు. కాక నన్ను ఇంక రేడియో అని పిలవడేమోనని, అంతే. ఎంత చిన్న కారణమో. అమ్మకు అదే రాత్రి చెప్పాను. అమ్మ కొట్టలేదు. "అయ్యింది అయ్యింది. ఇప్పుడు చెప్తె లీడరు బండి పీకిత్తడు. ఊకో" అంది. అమ్మ భయం నిజమైనది. నేను దాని వెనుక దాక్కున్నాను.

తర్వాత ఎవరో ఆఫీసుకు అర్జీ పెట్టారు. విచారణకు పిలిచారు, కొన్నాళ్లు పని ఆపేశారు, మళ్లీ తీసుకున్నారు. కాకకు మోకాళ్లు అరిగిపోయాయి. ఇంక పని చేయలేడని డాక్టర్లు రాస్తే కొడుక్కు ఆ ఉద్యోగం ఇప్పించాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాడు. ఆ కాగితం పేరు తేడా దగ్గర ఆగిపోయింది. కొడుకు ఓపెన్ కాస్టులో కాంట్రాక్టు పనికి చేరాడు, నిలబడి తాగేవాళ్లలో ఒకడయ్యాడు. కాక ఆ అన్న పేరుతోనే రిటైరయ్యాడు.

అయినా బండి దగ్గరికి రావడం మానలేదు. అవతలి బెంచీ మీద ఒక్కడే కూర్చునేవాడు. నన్ను రేడియో అనే పిలిచేవాడు. ఆయన అట్లా పిలిచినప్పుడల్లా దొంగసొమ్ము తింటున్నట్టుండేది. ఇటు బెంచీ మీద మామ. మామ తాగడం మానేశాడు, చాయ్ మాత్రమే. షుగరొచ్చిందని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఇద్దరి మధ్య పది అడుగులుండేవి. ఆ పది అడుగుల మధ్య నిలబడి ఐదేళ్లు గుడాలు పొట్లాలు కట్టాను.

రాష్ట్రం వస్తుందని తేలిపోయాక జరిగిన ఎలక్షన్లలో కాకతో ధైర్యం చేసి అన్నాను. "ఇప్పుడు రిటైరైనవ్ గదా కాకా. ఎవ్వడేం జెయ్యడు. నేను తోలుకపోత, ఓటేద్దువు రా."

ఆయన తన స్టీలు గ్లాసును తువ్వాలతో తుడుస్తూ కూర్చున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"వద్దు బిడ్డా. గా పేరు గట్టిగ పిలిస్తె ఇప్పుడు దడుసుకుంటున్న. మొన్న మా ఊరి ముసలామె పిలిస్తె చేతిల గ్లాసు కింద వడ్డది."

అప్పుడన్నా చెప్పాల్సింది. చెప్పలేదు. రెండు నెలలకు పోయాడు.

పోయిన మర్నాటి సాయంత్రం మామ బండి దగ్గరికి వచ్చాడు. చాయ్ పోస్తే తాగలేదు. "రేపు పిట్టకు వెడ్తరట" అన్నాడు. మూడో రోజు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి కాకులకు పెడతారు. పిట్ట ముట్టాలి. "కొడుకు కోటర్ తెచ్చిండట. వానికేం తెల్సు? వాళ్లయ్యకు గది వాసనే పడదు. వాగొడ్డు చెట్టుది చెప్పి పెట్టిన. నువ్వు తీస్కపోయి మీ చిన్నమ్మకియ్యి బిడ్డా. నేను తెచ్చిన్నని అనకు. వదినె నన్ను గడప తొక్కనియ్యదు."

అప్పుడు నోరు తెరుచుకుంది. కూల్‌డ్రింకు దగ్గర నుంచి మొత్తం చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను. అయిపోయాక తల ఎత్తాను. తిడతాడని చూశాను.

"గప్పుడే చెప్తె వాడు నాతోని మాట్లాడుతుండె గదనే" అన్నాడు.

చాయ్ గ్లాసు పక్కకు జరిపి, "నేనే అన్ననేమో అనుకున్న" అన్నాడు. "పిల్లల మీద ఒట్టు వెట్టుకున్న గని, లోపల అనుమానమే. గా రాత్రి మస్తుగ తాగిన. ఎవలెవలితోనో ఏమేమో వాగిన. గా వాగుడుల ఎక్కడన్న వాని పేరు నోటికొచ్చిందేమో, నాకు గుర్తు లేదేమో అని. గందుకే మానేసిన. వాడు మాట్లాడకున్న పర్వలేదు గని నేను తాగద్దనుకున్న. ఐదేండ్లు నన్ను నేనే తిట్టుకున్న బిడ్డా."

షుగరు కాదు. నేను ఐదేళ్లు చాయ్ పోసింది నా తప్పుకు.

"నాకు చెప్పుడెందుకు ఇప్పుడు? వదినెకు చెప్పు" అని లేచి వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున కాక క్వార్టరుకు వెళ్లాను. చిన్నమ్మ వాకిట్లో కూర్చొని విస్తరిలో అన్నీ సర్దుతోంది. చుట్టాలు నలుగురు ఆడవాళ్లున్నారు. పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. అట్లా పక్కకు పిలవడం కూడా దాచుకోవడమే అనిపించి, అందరి ముందే చెప్పాను.

చిన్నమ్మ చెయ్యి విస్తరి మీద ఆగింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె ముఖం మాత్రం నా మీద కోపంతో కాదు, ఇంకెందుకో తెల్లబోయింది.

"దవాఖానల అడిగిండే" అంది, ఎవరితోనో అన్నట్టు. "ఆకరి రోజు. దోస్తును ఒకసారి పిలువుమన్నడు. ఏమున్న లేకున్న ఒకసారి సూత్త అన్నడు. నేనే వద్దన్న. నీ బతుకు మీద మన్ను వోసినోన్ని నీ మంచం కాడికి రానియ్య అన్న. ఊకున్నడు. మల్ల అడుగలేదు."

ఆమె కొడుకును పిలిచి, "జల్ది పోయి మామను తోలుకరా. నేను రమ్మన్ననని చెప్పు" అంది.

మామ వచ్చాడు. చేతిలో లొట్టి ఉంది. గేటు దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు అక్కడే ఆగాడు. చిన్నమ్మ లేచింది. రమ్మనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కిందికి చూసింది. నేనూ కిందికే చూశాను. ఆ పొద్దు ఆ వాకిట్లో మామ ముఖం చూడలేక తల దించుకున్న ఆడవాళ్లం ఇద్దరం. ఆమె దించాల్సిన పని లేదు.